టోల్ వద్దన్నది నేనే

పోయిన వేసవిలో కోదాడలో పెళ్లి భోజనం ముగించుకుని, రాత్రి తొమ్మిదిన్నరకు హైదరాబాద్ బయల్దేరాం. సూర్యాపేట దాటాక డాష్‌బోర్డు మీద దారి చూపే తెర ఎడమకు తిరగమంది. తిరిగాను. ఇంకో రెండు ఊళ్లు దాటేసరికి రోడ్డు సన్నబడింది. యాసంగి కోతల రోజులు. రోడ్డులో సగం దాకా వడ్లు పోసి, పైన నల్ల పట్టా కప్పి, అది ఎగరకుండా చుట్టూ రాళ్లు పెట్టారు. హెడ్‌లైట్ల వెలుగులో ఆ నలుపు తారులో కలిసిపోయింది. చివరి క్షణంలో బ్రేకు తొక్కితే, ముందు టైరు ఒక రాయిని గీసుకుని ఆగింది.

"పెద్ద రోడ్డు వదిలిపెట్టి ఈ పొలాల్లోకి ఎందుకొచ్చావురా?" అంది వెనక సీట్లోంచి అమ్మ.

కుప్ప పక్కన మంచమేసుకుని కాపలా పడుకున్న పెద్దాయన లేచి వచ్చాడు. తెర వంక చూసి, "ఇది చెప్పిందని వచ్చినవా?" అని నవ్వి, వెనక్కి తిప్పించి హైవే ఎక్కే దారి చూపించాడు. ఇంటికొచ్చాక సెట్టింగులు తెరిచి చూస్తే 'టోల్ రోడ్లు వద్దు' అన్నది ఆన్‌లో ఉంది. ఆరు నెలల కింద ఏదో ఊరికి వెళ్తూ, వంద రూపాయలు కూడా లేని టోల్ మిగుల్చుకుందామని పెట్టింది నేనే. దారిలో కొర్లపహాడ్ టోల్‌గేటు ఉంది కదా, దాన్ని తప్పించడానికి యంత్రం నన్ను ఊళ్ల మీదుగా తిప్పింది. దాని తప్పేం లేదు, చెప్పిన పని చేసింది.

చేయవలసినవి

బండి కదలకముందే దారి ఎంపికల పేజీ తెరిచి, ఏవి ఆన్‌లో ఉన్నాయో చూసుకోండి. టోల్ వద్దు, హైవే వద్దు, ఫెర్రీ వద్దు అనేవి దాదాపు అన్ని మ్యాప్ యాప్‌లలో ఉంటాయి. కొన్ని కారు పరికరాల్లో మట్టిరోడ్లు వద్దు, యూటర్న్‌లు వద్దు అనే మీటలు కూడా ఉంటాయి. మట్టిరోడ్లు వద్దన్నది మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉంచుకోవడమే మేలు. టోల్ వద్దన్నది ఒక్క ప్రయాణానికే పెట్టుకుని, దిగగానే తీసేయండి.

'తక్కువ సమయం', 'తక్కువ దూరం' అనే రెండింటి మధ్య తేడా చాలామందికి పట్టదు. తక్కువ దూరం అంటే ఇంధనం మిగులుతుందనుకుని అదే నొక్కుతారు. తక్కువ సమయం అడిగితే యంత్రం ఒక్కో రోడ్డు ముక్క పొడవునీ, దాని మీద వెళ్లగల వేగాన్నీ కలిపి లెక్క కడుతుంది. తక్కువ దూరం అడిగితే వేగం సంగతి పక్కన పెట్టి కిలోమీటర్లే చూస్తుంది. హైవే మీద 80 వేగంతో 12 కిలోమీటర్లు వెళ్లడానికి పట్టేది 9 నిమిషాలు. ఊళ్ల మధ్య 9 కిలోమీటర్ల అడ్డదారిలో 30కి మించి వెళ్లలేరు, 18 నిమిషాలు పడుతుంది. దూరం మూడు కిలోమీటర్లు తగ్గినా స్పీడుబ్రేకర్లు, గేదెలు, సందు మలుపుల్లో ఎదురొచ్చే ట్రాక్టర్లు మీకు తగులుతాయి. రాత్రిపూట ఈ ఎంపిక అసలు ముట్టుకోవద్దంటాను.

వాహనం ఏదో సరిగ్గా చెప్పండి. ఫోన్ మ్యాప్‌లో బైకు గుర్తు అలాగే ఉండిపోతే, కారు పట్టని సందుల్లోకి తీసుకెళ్తుంది. అదే బైకు మీద వెళ్తూ కారు గుర్తు పెట్టుకుంటే, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కమంటుంది, అక్కడ ద్విచక్ర వాహనాలకు అనుమతే లేదు.

తర్వాత మ్యాప్‌ను చిన్నది చేసి దారి మొత్తం ఒకసారి చూడండి. విజయవాడ వెళ్తున్నారంటే చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ వరసగా రావాలి. వరసలో తెలియని ఊరు దూరిందంటే ఏదో మీట నొక్కి ఉన్నట్టే. శ్రీశైలం దారైతే గడియారం కూడా చూసుకోవాలి. నల్లమలలో పులుల అభయారణ్యం కాబట్టి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా బండ్లు వదలరు. అడవిలో, ఘాట్లలో సిగ్నల్ ఉండదు కనుక ఆ ప్రాంతం మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకోండి. అలా దించిన మ్యాప్ దారైతే చూపిస్తుంది గానీ, ముందు రోడ్డు మూశారో లేదో చెప్పలేదు.

చేయకూడనివి

నడుపుతూ సెట్టింగులు మార్చకండి. 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. మూడు సెకన్లు తెర చూస్తే 66 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. డ్రైవింగ్‌లో ఫోన్‌ను దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా వాడాలని 2020 అక్టోబరు 1 నుంచి నిబంధన కూడా ఉంది. మార్చాల్సిందే అయితే పక్క సీట్లో వాళ్లకి చెప్పండి, ఎవరూ లేకపోతే బంకు దగ్గర ఆపండి.

ఎగ్జిట్ తప్పిపోతే రివర్సు తీయకండి. ఔటర్ మీదైనా సరే, తర్వాతి ఎగ్జిట్‌లో దిగి వెనక్కి రావడానికి పోయేది పదో పదిహేనో నిమిషాలు.

దారి మధ్యలో 'ఇంకో దారిలో నాలుగు నిమిషాలు ఆదా' అని ఊరిస్తుంది. కొన్ని యాప్‌లలో మీరు వద్దనకపోతే అదే మారిపోతుంది. తెలియని చోట, చీకట్లో ఆ నాలుగు నిమిషాలకు ఆశపడకండి.

నీళ్లు కనిపిస్తే యంత్రం మాట వినకండి. 2024 మేలో హైదరాబాద్ నుంచి కేరళ వెళ్లిన నలుగురు మ్యాప్ చూసుకుంటూ కొట్టాయం జిల్లా కురుప్పంతర దగ్గర వాగులోకి కారు దించేశారు. వాన నీటికి రోడ్డూ వాగూ ఏకమయ్యాయి. కారు మునిగింది, మనుషులు బయటపడ్డారు. అదే ఏడాది నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో అసంపూర్తి వంతెన మీద నుంచి కారు రామ్‌గంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. ఇక వానలకు చప్టాలు మునగడం మనకు కొత్త కాదు. అంత పెద్ద విజయవాడ హైవే మీదికే, 2024 సెప్టెంబరు మొదట్లో నందిగామ దగ్గర ఐతవరం వద్ద నీరొచ్చింది. వానాకాలంలో ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్‌ని ఆపి అడగండి.

కోనసీమ వెళ్లేవారు ఫెర్రీ మీట చూసుకోవాలి. సఖినేటిపల్లి, నరసాపురం మధ్య రేవులో బండ్లను దాటించేది పంటు. గోదావరికి వరదొస్తే అది నడవదు. అర్ధరాత్రి రేవు ఒడ్డున నిలబడే కన్నా, ఫెర్రీ వద్దని పెట్టుకుని చించినాడ వంతెన మీదుగా పోవడం నయం.

మా బావమరిది నా కారు తరచూ తీసుకెళ్తుంటాడు. తిరిగిచ్చాక సీటు ముందుకు జరుపుకుని, అద్దం సరిచేసుకుని, ఆ తెర కూడా తెరిచి చూస్తున్నాను. పోయిన వారం 'హైవే వద్దు' అని పెట్టి ఉంది.