గడ్డి పొగలో కర్బనము - కొలతలో వచ్చు పొరపాట్లు

కోత యంత్రములు వచ్చిన పిదప వరి చేలలో కొయ్యకాళ్లకు నిప్పుపెట్టుట ఎక్కువైనది. ఆ పొగలోని సన్నని నలుసులలో పెద్ద పాలు సేంద్రియ పదార్థమే. గాలి చెడుటకు రైతు పెట్టిన మంట ఎంతవరకు కారణమని తేల్చుటకు, ఒక చిన్న ఫిల్టరుపై చిక్కిన కర్బనపు లెక్క ముఖ్యమైన ఆధారము. ఆ లెక్క తప్పినచో నిందయు తప్పుగానే పడును. కావున అది ఎట్లు తప్పునో రైతులును, గ్రామాధికారులును తెలిసికొనుట మంచిది.

పంపు గాలిని పీల్చగా 2.5 మైక్రాన్లకు లోబడిన నలుసులు క్వార్ట్జు నార ఫిల్టరుపై నిలుచును. ప్రయోగశాలలో ఆ ఫిల్టరు ముక్కను వేడిచేసి, వెలువడిన కర్బనమును కొలుతురు.

చిక్కు ఇక్కడ కలదు. పొగలో నలుసులే కాక ఆవిరులును ఉండును. కొత్త కుండకు మజ్జిగ వాసన పట్టినట్లు, క్వార్ట్జు నారకు ఈ ఆవిరులు పట్టును. నలుసులు కానివి నలుసుల లెక్కలో చేరును. దీనికి ఎదురు తప్పు మరియొకటి. ఫిల్టరుపై నిలిచిన నలుసుల గుండ గంటల తరబడి గాలి పోవుటచే, పళ్లెములోని కర్పూరమువలె వానిలో కొంత హరించిపోవును. ఎండ వేడికి ఇది హెచ్చు.

దిద్దుటకు మొదటి ఫిల్టరు వెనుక రెండవ క్వార్ట్జు ఫిల్టరు నుంతురు. నలుసులు ముందుదానిపైననే ఆగును. ఆవిరి రెంటికిని పట్టును. ముందుదానిపై 40 మైక్రోగ్రాములు, వెనుకదానిపై 6 ఉన్నవనుకొనుడు. నలుసుల కర్బనము 34. అయితే కొద్ది సేపే నడిపినచో ఆవిరిని ముందు ఫిల్టరే మ్రింగివేయును, వెనుకదానికి చేరునది తక్కువ, దిద్దుబాటు చాలదు. అందుచే కొందరు ప్రక్కనే వేరొక గాలిదారి పెట్టి, అందు టెఫ్లాను ఫిల్టరు వెనుక క్వార్ట్జు నుంతురు. టెఫ్లానుకు ఆవిరి అంతగా పట్టదు. కాని దానిపై నిలిచిన నలుసులనుండి లేచిన ఆవిరియు వెనుకదానికే చేరును గనుక ఈ తీసివేత మితిమీరవచ్చును. రెండు లెక్కలను చూపకుండ ఒకే అంకె చెప్పువారిని ఏ పద్ధతి వాడిరో అడుగుట న్యాయము.

తేనెపట్టువంటి సన్నని గదులు గల బొగ్గు గొట్టము గుండ గాలిని ముందే పంపి ఆవిరులను తొలగించు పద్ధతియు కలదు. అప్పుడు నలుసులనుండి పోవు ఆవిరి మరింత పెరుగును. దానిని పట్టుటకు వెనుక బొగ్గు కలిపిన ఫిల్టరు తప్పనిసరి.

పంచాయతీ మేడపై ఇట్టి యంత్రము పెట్టినచో గ్రామాధికారులు కొన్ని జాగ్రత్తలు గమనింపవలెను. 500 డిగ్రీల సెంటీగ్రేడుకు పైబడిన వేడిలో కాల్చి శుభ్రపరచిన ఫిల్టర్లే వాడుదురు. వానిని వట్టి చేతితో తాకరాదు, చేతి జిడ్డును కర్బనమే. దగ్గర బీడీ గాని, డీజిలు ఇంజను గాని ఉండరాదు. తీసిన ఫిల్టరును రేకులో చుట్టి మంచు పెట్టెలో పంపవలెను. పంపు నడపకుండ బిగించి తీసిన ఖాళీ ఫిల్టరొకటి వెంట పంపవలెను. దానిపైని కర్బనమును ముందు, వెనుక ఫిల్టర్లు రెంటినుండియు తీసివేయుదురు. ముందుదానినుండి మాత్రమే తీసినచో ఒకే తప్పును రెండు మారులు తీసినట్లగును. నడిపిన గంటలు, పీల్చిన గాలి పరిమాణము, నాటి ఎండ, ఏ దిక్కు చేలో మంట పెట్టిరో అదే రోజున పుస్తకములో వ్రాసి ఉంచవలెను.