హవాయి విందుకు ముందురోజే తీపి
వంటింటి ప్రశ్నలు - జవాబులు

వేసవి సెలవుల్లో ఇళ్లలో జరిగే పుట్టినరోజులకు ఒక ‘థీమ్’ ఉండాలని పిల్లలు పట్టుబడుతున్నారు. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు హవాయి పార్టీ గురించే ఉన్నాయి, అందులోనూ తీపి గురించే. అందుకే ఈ వారం శీర్షిక మొత్తం దానికే.

ప్రశ్న: మా అమ్మాయి పుట్టినరోజు మే నెలలో. హవాయి పార్టీ కావాలంటోంది. సాయంత్రం డాబా మీద, పిల్లలూ పెద్దలూ కలిపి పాతికమంది. నేను బ్యాంకులో పనిచేస్తాను, ఆ రోజు సెలవు దొరకదు. ఇంట్లో ఓవెన్ లేదు. తీపి ముందురోజు రాత్రికే అయిపోవాలి. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, నక్కలగుట్ట, హన్మకొండ

జవాబు: ముందురోజు చేసినా పాడవని వంటలు కొన్నుంటాయి. ముందురోజు చేస్తేనే బాగుండేవి ఇంకొన్ని. పనిచేసే తల్లి రెండో రకాన్నే ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం. అలాంటి తీపి హవాయిలోనే ఉంది. దాని పేరు హౌపియా. కొబ్బరిపాలను చిక్కగా ఉడికించి, చల్లార్చి, జున్నులా ముక్కలు కోసి పెడతారు. అక్కడి పెళ్లి విందుల్లో, బిడ్డ మొదటి పుట్టినరోజు విందుల్లో ఇది తప్పకుండా కనిపిస్తుంది. పూర్వం ‘పియా’ అనే దుంప నుంచి తీసిన పిండితో, అంటే మన పాలగుండ లాంటి దానితో, చిక్కబరిచేవారు. ఇప్పుడు కార్న్ ఫ్లోర్ వాడుతున్నారు. గుడ్డు ఉండదు, జెలటిన్ ఉండదు, ఓవెన్‌తో పనే లేదు.

కొలత చెబుతాను. చిక్కటి కొబ్బరిపాలు 2 కప్పులు, నీళ్లు 1 కప్పు, చక్కెర అర కప్పు, కార్న్ ఫ్లోర్ అర కప్పు, చిటికెడు ఉప్పు. కార్న్ ఫ్లోర్ అంటే తెల్లటి మెత్తటి పిండి. రొట్టెలు చేసే పచ్చటి మక్కపిండి తెచ్చుకుంటే హౌపియా కాదు, జావ అవుతుంది. కార్న్ ఫ్లోర్‌నూ చక్కెరనూ చల్లటి నీళ్లలో ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టండి. కొబ్బరిపాలను సన్నమంట మీద ఆవిరి వచ్చేదాకా వేడిచేసి, ఆ నీళ్లను మళ్లీ ఒకసారి కలియబెట్టి, సన్నధారగా పోస్తూ తిప్పండి. చిక్కబడి, మెరుపు వచ్చి, బుడగలు లేచాక చాలామంది దించేస్తారు. దించకండి. ఇంకో రెండు నిమిషాలు తిప్పుతూనే ఉండండి. పిండి పూర్తిగా ఉడకకపోతే నోటికి సుద్దలా తగులుతుంది, తెల్లారేసరికి పళ్లెంలో నీరూ ఊరుతుంది.

తడిపిన 8 అంగుళాల చదరపు పళ్లెంలో పోసి చల్లారనివ్వండి. మూత కింద పల్చటి బట్ట కట్టండి, లేకపోతే మూతకు పట్టిన చెమట చుక్కలుగా పడి పైభాగం చెడుతుంది. ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. ఫ్రీజర్‌లో మాత్రం పెట్టవద్దు. గడ్డకట్టి కరిగిందంటే ముక్క స్పాంజిలా మారి నీరు వదులుతుంది. పొద్దున తడి కత్తితో అయిదు వరసలు అటు, అయిదు ఇటు కోస్తే 25 ముక్కలు వస్తాయి. మనిషికి రెండు చొప్పున కావాలంటే రెండు పళ్లేలు చేయండి. రెండో పళ్లెంలో సగం మిశ్రమానికి వేడిగా ఉన్నప్పుడే 100 గ్రాముల డార్క్ చాక్లెట్ తురుము కలిపి కింద పొరగా పరిచి, మిగతా తెల్లది పైన పోయండి. ఓఆహు దీవి ఉత్తర తీరంలో టెడ్స్ బేకరీకి పేరు తెచ్చిన చాక్లెట్ హౌపియా పై గుర్తొచ్చేలా ఉంటుంది, పిల్లలూ ఇష్టంగా తింటారు. వడ్డించడానికి అరటాకును చిన్న చదరాలుగా కత్తిరించి ఒక్కో ముక్క కింద ఒక్కోటి వేయండి. ప్లాస్టిక్ గిన్నెలు అక్కర్లేదు.

ప్రశ్న: మా ఇంట్లో కుడుకలు చాలా ఉన్నాయి. వాటిని నానబెట్టి పాలు తీయవచ్చా? లేక ప్యాకెట్ పాలే కొనాలా?
– గృహిణి, కాశిబుగ్గ, వరంగల్

జవాబు: కుడుకలు వద్దు. కూరల మసాలాకు, పచ్చళ్లకు, లడ్డూలకు అవి మహారాజులే. కానీ ఎండిన కొబ్బరిలో నూనె పైకి తేలుతుంది, వాసన ముదురుతుంది. హౌపియాలో కొబ్బరి తప్ప మరో రుచి లేదు కాబట్టి ఆ ముదురు వాసన దాక్కోవడానికి చోటుండదు. పచ్చి కొబ్బరే కావాలి. కాయను చెవి దగ్గర ఊపి, నీళ్లు బాగా చప్పుడవుతున్నది తెచ్చుకోండి. కన్నుల దగ్గర తడి, బూజు ఉంటే వదిలేయండి. గోధుమరంగు పొట్టు చెక్కేసి, తురిమి, గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మిక్సీ పట్టి, పల్చటి బట్టలో గట్టిగా పిండండి. మొదటి పాలే చిక్కటివి. రెండోసారి తీసినవి కొలతలో చెప్పిన నీళ్లకు బదులుగా వాడుకోవచ్చు.

మన ఎండల్లో తీసిన పాలు గంటల్లోనే పులుస్తాయి. పిండిన వెంటనే పొయ్యి మీద పెట్టగలిగినప్పుడే తీయండి. ఆ తీరిక లేకపోతే ప్యాకెట్ పాలు కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. చక్కెర కలపనివి చూసి కొనండి, అంతే.

ప్రశ్న: తాజా పైనాపిల్ ముక్కలు వేసి జెలటిన్‌తో పుడ్డింగ్ చేశాను. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా నీళ్లలాగే ఉంది. జెలటిన్ పాతదా?
– ఉపాధ్యాయిని, సుబేదారి

జవాబు: జెలటిన్ తప్పేమీ లేదు, మీ చేతి తప్పూ కాదు. పచ్చి పైనాపిల్‌లో బ్రోమలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది ప్రొటీన్లను తెగ్గొడుతుంది. ఎక్కువ ముక్కలు తింటే నాలుక మంట పుట్టేదీ దానివల్లే. జెలటిన్ కూడా ప్రొటీనే కాబట్టి ఎన్ని గంటలు ఉంచినా గట్టిపడదు. ముక్కలను చక్కెర నీళ్లలో అయిదారు నిమిషాలు బాగా ఉడికిస్తే ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్ ముందే వేడి తగిలినది గనక దానితో ఈ ఇబ్బంది రాదు. పచ్చి పైనాపిల్‌ను పాలలో, పెరుగులో కలిపి రాత్రంతా ఉంచితే చేదెక్కడానికీ ఇదే కారణం.

అయినా మన ఊరికి జెలటిన్ కంటే చైనా గ్రాస్ మేలంటాను. జెలటిన్ ఒంటి వేడికే కరుగుతుంది. మే నెల సాయంత్రం డాబా మీద అది గిన్నెలోనే షర్బత్ అయిపోతుంది. సముద్రపు నాచు నుంచి వచ్చే చైనా గ్రాస్ 40 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది, మళ్లీ కరగాలంటే 85 డిగ్రీల వేడి కావాలి. ప్రొటీన్ కాదు కాబట్టి బ్రోమలైన్ దాన్ని ఏమీ చేయలేదు. పైగా జెలటిన్ జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి వచ్చేది. శాకాహారులైన అతిథులకు ఆ మాట చెప్పకుండా పెట్టడం భావ్యం కాదు.

10 గ్రాముల చైనా గ్రాస్ పోగులను నీళ్లలో అరగంట నానబెట్టి, రెండు కప్పుల నీళ్లలో పూర్తిగా కరిగేదాకా మరిగించండి. దించాక చక్కెర, గోరువెచ్చటి పైనాపిల్ రసం ఒకటిన్నర కప్పులు కలపండి. రసాన్ని దానితోపాటు మరిగించవద్దు, పులుపు తగిలి పట్టు తగ్గుతుంది. చల్లటి రసమూ పోయవద్దు, పోసిన చోటే ఉండకడుతుంది.

ప్రశ్న: హవాయి వాళ్లు చామగడ్డతో తీపి చేస్తారట, నిజమేనా? మా ఇంట్లో చామగడ్డ అంటే పులుసే. గొంతు గరగరలాడదా?
– రిటైర్డ్ ఉద్యోగి, కాజీపేట

జవాబు: నిజమే. ఈ ప్రశ్న అడిగినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు, ఎందుకంటే ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన హవాయి తీపి. పడవల మీద పసిఫిక్ దాటి ఆ దీవులకు చేరిన పాలినేషియన్లు చామ, కొబ్బరి, అరటి, చెరకు వెంట తెచ్చుకున్నారు. చామ వారికి మన వరి అంతటిది. దాన్ని తురిమి, కొబ్బరిపాలు, తీపి కలిపి, ఆకుల్లో చుట్టి, నేలలో తవ్విన పొయ్యిలో గంటల తరబడి మగ్గించేదే కులోలో.

మనకు ఇడ్లీ పాత్ర చాలు. అరకిలో చామగడ్డలను, చేతులకు నూనె రాసుకుని, పచ్చివే చెక్కు తీసి తురమండి. 200 గ్రాముల బెల్లాన్ని నాలుగు చెంచాల నీళ్లలో కరిగించి వడకట్టి, ఒక కప్పు చిక్కటి కొబ్బరిపాలు, చిటికెడు ఉప్పుతో కలిపి తురుములో పోయండి. లోతు గిన్నెలో అరటాకు పరిచి, నెయ్యి రాసి, ఇది పోసి, పైన మరో ఆకుతో కప్పి, ఆవిరి నీళ్లు లోపలికి దిగకుండా రేకు బిగించండి. రెండు గంటలకు తక్కువ కాకుండా ఆవిరి పట్టాలి. మధ్యలో అడుగున నీళ్లు చూసుకుంటూ పోస్తూ ఉండండి.

గొంతు గరగరకు కారణం చామలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. సరిగా ఉడకని చామతోనే ఆ బాధ. రంగు ముదురు గోధుమకు తిరిగి, చాకు గుచ్చితే జిగురుగా రావాలి. గోరంత తిని చూడండి, ఏమాత్రం దురద అనిపించినా ఇంకో అరగంట ఉంచండి. అతిథులకు పెట్టేముందు ఈ పరీక్ష తప్పనిసరి. వేడిమీద కోస్తే ముద్దగా వస్తుంది. చల్లారాక ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు కోస్తేనే ముక్క నిలుస్తుంది. బెల్లం వాసన, కొబ్బరి కమ్మదనం కూడా అప్పటికే కలిసి వస్తాయి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. గడ్డి లంగాలు, పూలదండలు వేసుకుని హవాయి పార్టీ చేస్తే అక్కడివాళ్లను వెక్కిరించినట్టు అవుతుందని అంటున్నాడు. అతిగా ఆలోచిస్తున్నాడా?
– ఒక తండ్రి, బాలసముద్రం

జవాబు: మీ అబ్బాయి మాటలో న్యాయముంది. హవాయి 1893 వరకు రాణి లిలియుఓకలాని ఏలిన రాజ్యం. ఆమెను గద్దె దించిన తర్వాత, 1898లో అమెరికా దాన్ని కలుపుకుంది. 1959లో అది 50వ రాష్ట్రమైంది. హులా అక్కడివాళ్లకు తమ వంశాల కథలను, దేవతల కథలను చెప్పుకునే నాట్యం. మన పేరిణినో బతుకమ్మనో ఎవరైనా వేళాకోళంగా ఆడితే మనకెంత కష్టంగా ఉంటుందో, వాళ్లకూ అంతే. ప్లాస్టిక్ గడ్డి లంగాలు మానేయండి. పూలదండ వేసి అతిథిని ఆహ్వానించడం వాళ్ల మర్యాద, మనదీ. మల్లెలు, కనకాంబరాలతో చేయండి, బాగుంటుంది.

వంటలోనూ ఇదే పాటించండి. పైనాపిల్ వేసినదల్లా హవాయిది కాదు. ఆ పండు పుట్టిల్లు దక్షిణ అమెరికా. జేమ్స్ డోల్ 1901లో కంపెనీ పెట్టి డబ్బాలకెక్కించాక దానికి హవాయి పేరు అతుక్కుంది. హవాయియన్ పిజ్జా అయితే 1962లో కెనడాలో పుట్టింది. ఒక పళ్లెం హౌపియా, ఒక పళ్లెం కులోలో పెట్టి, అవి ఎవరి వంటలో పిల్లలకు రెండు మాటలు చెబితే ఆ దీవుల గురించి వాళ్లకు నిజంగా ఏదో తెలిసినట్టవుతుంది.

ప్రశ్న: బటర్ మోచి చేయాలని ఉంది. సోనామసూరి బియ్యప్పిండితో వస్తుందా? పైనాపిల్ కేక్ కూడా ముందురోజు చేయవచ్చా?
– ఎంటెక్ విద్యార్థిని, ఎన్ఐటీ

జవాబు: రాదు. మోచి అంటే నమిలితే సాగే మెత్తటి తీపి, ఆ సాగుడు జిగురు బియ్యం పిండివల్లే వస్తుంది. మన బియ్యంలో అమైలోస్ ఎక్కువ, అందుకే అన్నం పొడిగా ఉంటుంది. జిగురు బియ్యంలో అది దాదాపు ఉండదు. ఈశాన్య రాష్ట్రాల స్నేహితులుంటే అడగండి, వాళ్ల ఊళ్లలో పండుతుంది. మోచి మాత్రం ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, కాబట్టి పార్టీ రోజు ఉదయమే చేసుకోవాలి.

అడుగున పాకం, పైనాపిల్ ముక్కలు పరిచి చేసే కేక్‌ను నిక్షేపంగా ముందురోజు చేయవచ్చు. పంచదార పాకం రాత్రికి లోపలికి ఇంకి ఇంకా బాగుంటుంది. పొయ్యి దిగిన పది నిమిషాలకే బోర్లించండి, పూర్తిగా చల్లారితే పాకం గిన్నెకు అంటుకుంటుంది. పైన తడి పండు ఉంటుంది కాబట్టి ఈ ఎండల్లో ఫ్రిజ్‌లోనే ఉంచి, వడ్డించే ముందు కాసేపు బయట పెట్టండి.

ప్రశ్న: అన్నీ చేసి పెట్టాక కరెంటు పోతే?
– ఒక పాఠకురాలు, ములుగు రోడ్డు

జవాబు: తలుపు తెరవకండి. మూసి ఉన్న ఫ్రిజ్ నాలుగు గంటలదాకా చల్లదనం నిలుపుతుంది. పిల్లలు మంచినీళ్ల కోసం మాటిమాటికీ తెరిచేదే అసలు ప్రమాదం, కాబట్టి నీళ్ల సీసాలు ఆ రోజు కుండలోకో ఐస్ పెట్టెలోకో మార్చండి. కొబ్బరిపాల తీపిని 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటకు మించి బయట ఉంచకూడదు. మే నెలలో మన సాయంత్రాలు అంతకంటే వేడి. అందుకని ముక్కలన్నీ ఒకేసారి బల్ల మీద పరచకుండా సగం ముందు, సగం తర్వాత తీయండి. బయట మిగిలిపోయినవి మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పిల్లలకు పెట్టవద్దు, ఎంత మనసొప్పకపోయినా పారేయండి.

ప్రశ్న: మలసాడాలు ముందురోజు చేసి వేడిచేస్తే బాగుంటాయా? అవి కాకపోతే పిల్లలు ఎగిరి గంతేసేది ఇంకేదైనా చెప్పండి.
– ఒక అమ్మమ్మ, శివనగర్

జవాబు: బాగుండవు. 1878 నుంచి మదీరా దీవుల పోర్చుగీసు కూలీలు చెరకు తోటలకు తీసుకొచ్చిన పిండివంట అది. నూనెలోంచి తీసి చక్కెరలో దొర్లించిన నిమిషంలోనే తినాలి. అమ్మమ్మ పార్టీ అంతా మూకుడు దగ్గర నిలబడటం నాకు ఇష్టం లేదు.

దానికి బదులు గోలా పెట్టండి. జపాన్ కూలీలు హవాయికి తెచ్చిన ‘షేవ్ ఐస్’ మన గోలాకు అక్కచెల్లెలే, కాకపోతే మంచును ఇంకా మెత్తగా గీస్తారు. పైనాపిల్, జామ, మామిడి రసాలను విడివిడిగా, రసమెంతో చక్కెరంత వేసి ఉడికించి, నిమ్మరసం పిండి, సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం ముందే పని అయిపోతుంది. రంగులు కలపకండి, జామ గులాబీ రంగు, మామిడి పసుపు చాలు. చేత్తో తిప్పే మంచు యంత్రం అద్దెకు తెచ్చుకుని, తాగే నీళ్లతో ఇంట్లోనే గడ్డకట్టించిన మంచు వాడండి. పైన చెంచాడు కండెన్స్‌డ్ మిల్క్ పోస్తే హవాయిలో ఇచ్చినట్టే ఉంటుంది. యంత్రం తిప్పే పని పెద్ద మనవడికి అప్పగించి మీరు కుర్చీలో కూర్చోండి.