దర్శనీయ నగరం – నివాసయోగ్య నగరం

ప్రబంధకవులు పాటించిన అష్టాదశ వర్ణనలలో పురవర్ణన మొదటిది. అల్లసాని పెద్దన తన మనుచరిత్ర కథను అరుణాస్పదపుర వర్ణనతోనే ఎత్తుకున్నాడు. ఇలాంటి వర్ణనలలో ఆకాశాన్ని తాకే మేడలుంటాయి, ఏనుగులుంటాయి, ఉద్యానవనాలుంటాయి. ఆ మేడలో ఒక గదికి అద్దె ఎంత, వేసవిలో మంచినీరు ఎన్నినాళ్ళకొకసారి వస్తుంది, అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే వైద్యుడు ఎక్కడ దొరుకుతాడు అన్న ప్రశ్నలు కవికి అక్కరలేదు. ఆయన రాజవీధిలో నిలిచి నగరాన్ని చూస్తాడు. అది యాత్రికుని చూపు. ఆ ఊరిలో కాపురముండేవాని చూపు వేరు.

ఇంటర్మీడియట్ పూర్తికాగానే పైచదువులకో, ఉద్యోగానికో ఊరు మారవలసినవారు మీలో ఎందరో ఉంటారు. కనుక ఈ రెండు చూపుల మధ్య అంతరం మీకు కేవలం సాహిత్యవిషయం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో యాత్రికులు ఎక్కువగా వచ్చే తిరుపతి, విశాఖపట్నం నగరాలను నివాసదృష్టితో ఒకసారి పరిశీలిద్దాం.

2011 జనాభా లెక్కల ప్రకారం తిరుపతి నగర జనాభా సుమారు 2 లక్షల 87 వేలు. తిరుమలకు వచ్చే భక్తులు సాధారణ దినాలలోనే రోజుకు 60 వేలు దాటుతుంటారు. అంటే నలుగురైదుగురు నివాసులకు ఒక అతిథి చొప్పున నిత్యం ఊరిలోకి వచ్చిపోతున్నారన్నమాట. ఇంటికి చుట్టం వస్తే సంతోషమే. కాని చుట్టం ఏనాడూ వెళ్ళకపోతే ఆ ఇంటి కట్టుబాట్లన్నీ చుట్టం కోసమే మారిపోతాయి. బస్సుల వేళలు, హోటళ్ళ ధరలు, ఆటోల బేరాలు తిరుపతిలో అలాగే యాత్రికుని లెక్కన ఏర్పడ్డాయి. నేను పరిశోధకవిద్యార్థిగా ఉన్న రోజులలో మా ఇంటి యజమాని బ్రహ్మోత్సవాలు రాగానే ముందుగది ఖాళీచేయమని మర్యాదగా అడిగేవారు. నెల అద్దెకంటె ఆ తొమ్మిదిరోజుల రాబడి ఆయనకు ఎక్కువ. ఆయనను తప్పుపట్టలేను, నా పుస్తకాలు మాత్రం ఏటా ఒకసారి వరండాలోకి వచ్చేవి.

కొండమీది కథ ఇంకా కఠినమైనది. ఆలయం చుట్టూ ఉన్న వీధులలో తరతరాలుగా నివసించిన కుటుంబాలు భక్తుల రద్దీకి చోటుచేయడానికి ఇండ్లు వదలుకోవలసివచ్చింది. 2003లో వేయికాళ్ళ మండపం కూడా తొలగింది. కొండక్రింద ఉన్నవారికైనా దైవదర్శనం సులభమా అంటే అదీ కాదు. స్థానికులకు ప్రతినెలా మొదటి మంగళవారం ప్రత్యేకదర్శనాన్ని 2024 డిసెంబరులో పునరుద్ధరించవలసివచ్చింది. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల కోసం తిరుపతి నగరంలోనే తొక్కిసలాట జరిగి ఆరుగురు మరణించారు. యాత్రాస్థలపు ఒత్తిడి కొండమీదనే ఆగదని, ఊరి వీధులలోకి దిగివస్తుందని ఆ దుర్ఘటన చూపింది.

అయినా ఆ యాత్రే ఈ ఊరికి అన్నం పెడుతున్నదన్నది మరువరాదు. శ్రీనాథుని కాశీఖండంలో వ్యాసునికి వరుసగా భిక్ష దొరకక, ఆకలికి ఓర్వలేక కాశీనే శపించబోతాడు. మహాక్షేత్రంలో వ్యాసునికే పట్టెడన్నం కరవైన కథ అది! తిరుమలలో 1985లో నిత్యాన్నదానం మొదలైంది. దేవస్థానం వలన ఊరికి ఉద్యోగాలు, వైద్యశాలలు, కళాశాలలు వచ్చాయి. 1954లో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2015లో ఐ.ఐ.టి. ఏర్పడి తిరుపతిని చదువుల ఊరుగా కూడా చేశాయి. కల్యాణి జలాశయానికి తెలుగుగంగ తోడయ్యాక నీటి ఇక్కట్లు కొంత తీరాయి.

విశాఖపట్నం స్వభావం భిన్నం. యాత్రికుడు రాకపోయినా అక్కడ పొయ్యి వెలుగుతుంది. 1933లో ఓడరేవు, 1941లో నౌకానిర్మాణ కేంద్రం, 1966 నాటి ప్రజోద్యమ ఫలంగా ఉక్కు కర్మాగారం వచ్చాయి. నౌకాదళం, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, 1923 నాటి కింగ్ జార్జి ఆసుపత్రి సరేసరి. 2011లో సుమారు 17 లక్షల 28 వేల జనాభాగల ఆ నగరంలో విహారయాత్ర అనేక వృత్తులలో ఒకటి మాత్రమే. రామకృష్ణా బీచిలో తెల్లవారుజామున నడిచేవారిలో అధికులు ఊరివారే. సముద్రదర్శనానికి టోకెను అక్కరలేదు కదా! కురుసుర జలాంతర్గామిని మాత్రం విశాఖవాసి బంధువులు వచ్చినపుడే చూస్తాడు. పెరటిచెట్టు మందుకు రాదన్న సామెత రెండు ఊళ్ళకూ వర్తిస్తుంది.

అయితే జీవనోపాధినిచ్చిన పరిశ్రమలే విశాఖకు భయాన్నీ ఇచ్చాయి. 1997 సెప్టెంబరులో చమురుశుద్ధి కర్మాగారంలో ఘోరమైన అగ్నిప్రమాదం జరిగింది. 2020 మే 7 వేకువజామున వెంకటాపురం వద్ద కర్మాగారం నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. వారు నిద్రిస్తున్నది తమ ఇండ్లలోనే. ఇక 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను చెట్లను కూకటివేళ్ళతో పెకలించింది. దినాల తరబడి విద్యుత్తు లేదు, నీరు లేదు. తిరుపతి కూడా వానలకు అతీతం కాదు, 2021 నవంబరులో అక్కడి వీధులు ఏరులయ్యాయి. కాని సముద్రతీరవాసికి ప్రతి కార్తికమూ ఒక పరీక్షే.

ఎక్కడ ఉండమంటారు అని అడిగితే, ఉపాధి వెదికే యువకునికి విశాఖను చెబుతాను. అక్కడ ఒక పని పోతే మరొకటి వెదకుకోవచ్చు. తక్కువ ఆదాయంతో, వైద్యానికి దగ్గరగా, శేషజీవితం గడపదలచినవారికి తిరుపతే మేలు. ఉత్సవదినాలలో బజారుకు పోకుండా ఉండే ఓర్పు వారికి కావాలి.

తిరుపతికి ఒక వారం పూర్తిగా తనదైనది ఉంది. ఎండాకాలంలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వస్తుంది. ఊరివారు బైరాగి వేషం, తోటి వేషం, దొర వేషం కట్టి వీధులలో తిరుగుతారు. వేంకటేశ్వరునికి చెల్లెలిగా భావించే ఆ తల్లికి దేవస్థానం నుండి సారె వస్తుంది. కొండకు పోయే బస్సులోని యాత్రికుడు కిటికీ నుండి ఆ వేషాలను చూసి, ఇదేమిటని కండక్టరును అడుగుతాడు. కండక్టరు ఊరివాడైతే బస్సు కదిలేదాకా చెబుతూనే ఉంటాడు.