యుద్ధచిత్రమున వీరము, కరుణ

సినిమాహాలులో చప్పట్లు మ్రోగుట అందరమెరిగినదే. చప్పట్లు కొట్టిన ఆ చేతులే మరునిమిషమున ఒడిలో ఊరక పడియుండుటయు ఒక్కొక్కప్పుడు చూతుము. ఈ రెండింటి నడుమ మనస్సున జరిగినదేమో తెలిసికొనుటకు ‘ఘాజీ’ అను తెలుగు చిత్రమును పరిశీలింతము.

సంకల్పరెడ్డి దర్శకత్వమున 2017 ఫిబ్రవరి 17న విడుదలయిన ఈ చిత్రము ఉత్తమ తెలుగు చిత్రముగ జాతీయ పురస్కారము నందినది. కథ చాల వరకు జలాంతర్గామి లోపలనే నడచును. మన జలాంతర్గామి పేరు ఎస్-21. దాని కెప్టెను రణవిజయ్ సింగ్; అర్జున్ వర్మ, దేవరాజ్ అతని తోడి అధికారులు.

ఈ చిత్రమున మొదట మనలను పట్టునది భయము. నీటి అడుగున శత్రువు కంటికి కనబడడు, చెవికి మాత్రమే దొరకును. వెలుతురు సముద్రములో ఎంతో లోతునకు పోజాలదు. ధ్వని యన్ననో సెకనుకు సుమారు 1500 మీటర్లు, అనగా గాలిలో కంటె నాలుగు రెట్లకు పైగా వేగముతో పోవును. కావున నావికుడు చెవియొగ్గి వినుచుండ తక్కినవారు ఊపిరి బిగబట్టుదురు. హాలులో మనమును బిగబట్టుదుము. మనము కూర్చున్నది మెత్తని కుర్చీలోనని ఆ క్షణమున జ్ఞాపకముండదు. ఎవరి భయమో మన భయమగుట యెట్లు? నాటకములోని భావము ఒక్కనికే చెందక చూచువారందరికి సాధారణమగునని మన ఆలంకారికులలో భట్టనాయకుడు చెప్పెను. ఆ మాట నాటకములను గూర్చినదే యైనను సినిమాకును సరిపోవును.

తరువాత అర్జునుని కాపాడబోయి కెప్టెను ప్రాణము విడుచును. అది శోకము. మరికొంతసేపటికి నావికులు గొంతు కలిపి జాతీయగీతమును పాడుదురు. భరతుడు వీరరసమునకు స్థాయిగా చెప్పిన ఉత్సాహమిదియే. కథలో జాతీయగీతము వచ్చినపుడు ప్రేక్షకులు లేచి నిలువనక్కరలేదని సుప్రీంకోర్టు ఆ ఫిబ్రవరి 14ననే స్పష్టము చేసినది. అయినను కూర్చుండలేక లేచినవారు కలరు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసు రాదు. తుదకు టార్పెడో తగిలి శత్రునౌక మునుగును. చప్పట్లు అచ్చటనే.

ఇక జరిగిన చరిత్ర వినుడు. ఘాజీ నిజముగా నుండిన నౌక. అమెరికాలో నిర్మింపబడి పాకిస్తానునకు చేరినది. మన విమానవాహక నౌక విక్రాంతును ముంచుటకై 1971 నవంబరు 14న కరాచీ విడిచినది. విక్రాంతు అప్పటికే అండమానుల వైపు తరలింపబడెను. డిసెంబరు 3-4 నడిరేయి విశాఖపట్టణపు రేవు వెలుపల ఘాజీ మునిగినది. రాజపుత్ అను మన యుద్ధనౌక జలములోనికి విడిచిన ప్రేలుడు గుండ్లచే మునిగినదని మన నౌకాదళము చెప్పును. ప్రమాదవశమున దాని మందుపాతరలే ప్రేలినవని పాకిస్తాను చెప్పును. చిత్రములోని జలాంతర్గాముల ద్వంద్వయుద్ధము కల్పన. లోపలనుండిన తొంబదిమందికి పైబడిన నావికులలో ఒక్కడును మిగులలేదన్నది మాత్రము కల్పన కాదు. నీటిపై తేలిన వారి సామగ్రి మొదట మత్స్యకారుల కంటబడెను.

చిత్రమున ఘాజీ లోపలి భాగమును సైతము మనకు చూపుదురు. దాని కమాండరు రజాక్ కోపమును చూతుము, అతని ఆజ్ఞలను వినువారి ముఖములను చూతుము. కాని నౌక మునిగిన పిమ్మట కథ ఒడ్డునకు, అనగా మన ఒడ్డునకు, వచ్చివేయును. కరాచీలో ఎదురుచూచు ఇండ్లు మనకు కనబడవు. విజయముతో ముగింపవలసిన సినిమాకు అది తప్పు కాకపోవచ్చును. భారతము మాత్రము అట్లు ముగియలేదు. పదునెనిమిది దినముల యుద్ధము ముగిసిన పిదప స్త్రీపర్వము వచ్చును. తిక్కన దానిని తెలిగించెను. నూర్గురు కొడుకులను పోగొట్టుకొన్న గాంధారి, పగవారి బిడ్డయైన అభిమన్యుని కళేబరముపై పడి యేడ్చు ఉత్తరను శ్రీకృష్ణునకు చూపి దుఃఖించును. వీరము తరువాత కరుణ రావలెనని ఆ కవులు ఎరిగిరి.

దరియాలతిప్పవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. గౌతమి సముద్రమున కలియు ఈ తీరమున పడవ తిరిగిరాని యింటి సంగతి అందరెరుగుదురు. 1996 నవంబరు 6 నాటి తుపానులో వేటకు పోయి కానరాకుండ పోయినవారికై ఈ తీరగ్రామములలో ఎన్ని దినములు ఎదురుచూచిరో పెద్దలనడిగిన చెప్పుదురు. మృతదేహమైన దొరకిన ఏడ్చి ఊరుకొందుము. దొరకనిచో ఏడ్చుటకును ధైర్యము చాలదు. ఘాజీ నావికులలో పెక్కుమంది నేటికిని ఆ ఇనుప నౌకలోనే, మన సముద్రములోనే ఉన్నారు.

అభ్యాసము: ‘ఘాజీ’ని ఇంటిలో పెద్దలతో కలసి మరల చూడుడు. మీకు చప్పట్లు కొట్టబుద్ధియైన ఘట్టమును, మీ అమ్మగారు మాటాడక ఊరకున్న ఘట్టమును వేరువేరుగ వ్రాసికొని తరగతికి తీసికొనిరండు.