కోనసీమను చూపించే వరస



కోనసీమ పరిచయం ధవళేశ్వరంలో మొదలుకావాలి, అమలాపురంలో కాదు. నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టిన గోదావరి ధవళేశ్వరం దాటాక గౌతమి, వశిష్ఠ అనే రెండు పాయలవుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ముక్కోణపు నేలే కోనసీమ. దిగువన వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఆ నేలను మళ్లీ చీలుస్తుంది. అక్కడి బ్యారేజీ మీద నిలబెట్టి ఇంతమాత్రం చెబితే చాలు, తరువాత ఎదురయ్యే రేవులు, లంకలు, పంట్లు, వంతెనలు యాత్రికుడికి వాటంతటవే అర్థమవుతాయి. నేరుగా కొబ్బరితోటలోకి తీసుకెళ్తే ఫొటోలు మిగులుతాయి గాని ప్రాంతం తెలియదు.

ఆ తరువాత చెప్పవలసింది ఆనకట్ట చరిత్ర. 1830ల నాటి కరువు, 1839 నాటి ఉప్పెన గోదావరి ప్రాంతాన్ని కుంగదీశాయి. పక్కనే నది పారుతున్నా పొలానికి నీరందని కాలమది. బ్రిటిష్ ఇంజినీరు ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలైన ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో తరువాత బ్యారేజీ వచ్చింది. ఊరూరా కాటన్ విగ్రహం ఎందుకుందో యాత్రికులు తప్పక అడుగుతారు. అందుకు జవాబు గన్నవరం అక్విడక్టు దగ్గర చెప్పడం మేలు. అక్కడ కాలువ వైనతేయ మీదుగా దాటి అవతలి లంకభూములకు నీరందిస్తుంది. నది మీద వంతెన కట్టి మరో నీటిని నడిపించిన ఆ పనితనం ఎదురుగా కనిపిస్తుంటే ఉపన్యాసం అక్కర్లేదు.

పచ్చదనం వెనకున్న కష్టాన్ని దాచకూడదు. 1996 నవంబరు తుపాను కొబ్బరితోటలను నేలకూల్చింది. 2011లో మురుగునీరు పోయే దారిలేక, ధర గిట్టక రైతులు సార్వా సాగు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు. కాలువ ఎంత ముఖ్యమో డ్రైను అంతే ముఖ్యమని ఈ నేలకు బాగా తెలుసు.

సంస్కృతికి వస్తే, ఒక్క రోజే చూపించే వీలుంటే అది కనుమనాటి జగ్గన్నతోట ప్రభల తీర్థం కావాలి. పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు అక్కడ కలుస్తాయి. వెదురుతో కట్టి రంగుల వస్త్రాలతో అలంకరించిన ఎత్తైన ప్రభలను భుజాల మీద మోస్తూ పొలాల మధ్యగా నడుస్తారు. గంగలకుర్రు ప్రభలైతే కౌశిక ఏటిలో దిగి నీళ్లలోంచే అవతలి గట్టు ఎక్కుతాయి. తన చేలోంచి ప్రభ వెళ్లడం రైతుకు శుభం, పైరు నలిగిందని బాధపడడు.

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొని తినిపించడం కన్నా, బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డతో రేకు తీసే స్త్రీల నేర్పును ముందుగా చూపించాలి. వాళ్ల అనుమతి అడిగాకే ఫొటో.

చివరి మజిలీ వశిష్ఠ సముద్రంలో కలిసే అంతర్వేది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం అయ్యాక సాగరసంగమం చూపించవచ్చు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ప్రయాణానికి అనువైన కాలం. జూలై, ఆగస్టు వరదల్లో లంకలు మునుగుతాయి కాబట్టి పడవ ప్రయాణం పెట్టుకోరాదు. మిగతా కాలంలోనైనా లైఫ్ జాకెట్ వేసుకోనివారిని పడవ ఎక్కించరాదు. ప్రభల తీర్థం రోజున వాహనాలు దూరంగానే ఆగిపోతాయి. నడవలేని పెద్దవాళ్లుంటే ఆ సంగతి ముందే చెప్పాలి, అమలాపురంలో బసకు గదులు పండగకు బాగా ముందుగానే మాట్లాడుకోవాలి.

ఇట్లు,
మామయ్య