ఇంజను బొమ్మ వెలిగింది

అక్క కారు బాడుగకు నడుపుతుంది. పొద్దున పెట్రోలు పోయించింది. కొంత దూరం పోగానే కారు కుదపసాగింది. స్టీరింగు వెనక పసుపు రంగు ఇంజను బొమ్మ వెలిగింది.

"బండి పాడైందా అమ్మా?" అంది బండెక్కిన అవ్వ.

"ఎక్కడో లోపముందని చెప్తోంది అవ్వా. ఎక్కడో మనమే వెతకాలి."

ట్యాంకులోని పెట్రోలును పంపు తోస్తుంది. ఫిల్టరు వడగడుతుంది. ఇంజెక్టరు తుంపరలా చిమ్ముతుంది. పెట్రోలులో నీళ్లు కలిసినా, ఫిల్టరు మూసుకుపోయినా ఇంజనుకు తిండి సరిగా అందదు. మనకైనా అంతే గదా! కొన్ని కార్లలో ట్యాంకు మూత వదులైనా బొమ్మ వెలుగుతుంది. అక్క ముందు మూత చూసింది. గట్టిగానే ఉంది.

మళ్లీ బయలుదేరగానే బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. ఇది ప్రమాదం గుర్తు. మండని పెట్రోలు పొగగొట్టంలోకి పోతోందన్నమాట. అక్కడ పొగను శుభ్రం చేసే పెట్టె ఉంటుంది. అది వేడెక్కి పాడైపోతుంది. దాని ఖరీదు చాలా ఎక్కువ. అక్క వెంటనే కారు ఆపేసింది.

మెకానిక్ వచ్చాడు. "పంపు పోయిందక్కా, మార్చాలి" అన్నాడు, చూడకుండానే!

"స్కానరు పెట్టు తమ్ముడూ. కోడు కాగితం మీద రాసివ్వు."

'పి 0300' అని రాసిచ్చాడు. పెట్రోలు సరిగా మండటం లేదని దానర్థం. పంపు పోయిందని కాదు. ట్యాంకు అడుగు పెట్రోలు సీసాలో పట్టించింది. కాసేపటికి నీళ్లు కిందికి దిగాయి. పెట్రోలు పైన తేలింది.

అక్క ఆ సీసా, పొద్దుటి రసీదు పట్టుకుని బంకుకు బయలుదేరింది.