చేయి నీది, నోరూ నీదే

తెనాలి,
గురువారం రాత్రి.

చి. సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది. మధ్యాహ్నం మీ అమ్మ ఫోన్ చేసింది. కీమో మొదలుపెట్టేలోపు నీ చేతికి పిక్ లైను వేస్తామన్నారట. నువ్వు డాక్టరు ముందు సరేనని తలూపి, ఇంటికొచ్చి గది తలుపేసుకున్నావట. "అక్కా, నువ్వు అయిదు నెలలు దాంతో తిరిగావుగా, దానికి కాస్త చెప్పు" అంది. ఫోన్లో చెబితే నువ్వు "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం తీసుకున్నాను. దిండు కింద పెట్టుకుని రెండు మూడుసార్లు చదువుకో.

ముందు నీ మనసులో ఉన్న మాట నేనే అనేస్తాను. గొట్టం పెడుతున్నారంటే జబ్బు ముదిరిపోయిందేమోనని నీ భయం. నేనూ అలాగే అనుకుని ఒక రాత్రంతా నిద్రపోలేదు. జబ్బు ఎంతుందో చూసి గొట్టం పెట్టరమ్మా. ఎక్కించేది ఏ మందు, ఎన్నిసార్లు ఎక్కించాలి అన్నదాన్నిబట్టి పెడతారు.

నీ జబ్బు వేరు, నాది వేరు. కానీ మనిద్దరికీ కలిసిన మందొకటుంది: డాక్సోరూబిసిన్. వార్డులో అందరూ ఎర్రమందు అనేవాళ్లం. రోజ్‌మిల్కులో కలిపే సిరప్ రంగు. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, హడలిపోకు. ఆ మందు ముంజేతి సన్న నరంలోంచి వెళితే నరం గోడను కాల్చేస్తుంది. సూది పక్కకు జరిగి బయటికి కారిందా, చర్మమూ కింద కండా పుండైపోతాయి. అదే గుండెకు పైనుండే పెద్ద నరంలో వదిలితే, అక్కడ నెత్తురు ఏరులా పారుతుంటుంది కనక మందు ఇట్టే పలచబడిపోతుంది. పిక్ లైను మోచేతికి పైన నరంలో దూరి, భుజం దాటి, గుండె గుమ్మం దాకా వెళ్లి మందును అక్కడ వదులుతుంది. దాని ఉద్యోగం అంతే.

ఈ మాట నాకు మొదట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఎడమవైపు ఆపరేషన్ అయింది కనక ఆ చేతికి సూది పొడవకూడదు. మిగిలింది కుడిచెయ్యి ఒక్కటే. రెండు కీమోలకే ముంజేతి నరం నల్లబడి, తడిమితే పురికొసలా గట్టిగా తగిలేది. మూడోసారి సిస్టర్ అయిదుచోట్ల పొడిచింది. నాకంటే ఆ పిల్లకే ఎక్కువ ఏడుపొచ్చింది. ఆ రోజే డాక్టరు లైను రాశాడు. నీకు పదిహేను రోజులకొకటి చొప్పున పన్నెండు సిట్టింగులు. మొదటిదానికి ముందే లైను వేయించుకుంటున్నావు కనక ఆ పొడుపులన్నీ నీకు తప్పినట్టే.

వేసేటప్పుడు ఎలా ఉంటుందో చెబుతాను. బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి బారజాపిస్తారు. టేపు పెట్టి చేతి నుంచి ఛాతీ దాకా కొలుస్తారు, అచ్చం టైలరు కొలిచినట్టే. జెల్లీ చల్లగా రాసి, నరం ఎక్కడుందో స్కానింగు తెర మీద చూసుకుంటారు. మెడదాకా గుడ్డ కప్పేస్తారు. మత్తుసూది గండుచీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది, ఒక పది అంకెలు లెక్కపెట్టేంత సేపు మంట. ఆ తర్వాత ఎవరో వేలితో నొక్కుతున్నట్టు తెలుస్తుందే తప్ప నొప్పి లేదు. మధ్యలో "అమ్మా, తల ఇటు తిప్పి గడ్డం భుజానికి ఆనించండి" అన్నారు. గొట్టం కిందికి దిగాల్సింది పోయి మెడలోకి ఎక్కకుండా ఆ ఉపాయమట. ఉన్నట్టుండి నా గుండె దడదడమంది. చెప్పాను. "కాస్త లోపలికెళ్లిందమ్మా" అని డాక్టరు కొంచెం వెనక్కి లాగాడు, తగ్గిపోయింది. నీకలా అనిపించినా, చెవిలో నీళ్లు పారిన చప్పుడు వినిపించినా అప్పుడే చెప్పెయ్యి. రెండోది గొట్టం మెడవైపు తిరిగిందనడానికి ఒక గుర్తు. సెలైన్ తోస్తే నోట్లో తుప్పు నాకినట్టు ఓ వెగటు రుచి వస్తుంది, దానికి మాత్రం భయపడకు. చివర ఎక్స్‌రే తీసి కొస ఎక్కడుందో చూస్తారు. నాకు మొత్తం ముప్పావుగంట పట్టింది. లోపలికి వెళ్లేటప్పుడు మీ పెదనాన్న కళ్లనీళ్లు పెట్టుకున్నారు. బయటికొచ్చి నేను అడిగింది రెండిడ్లీ.

ఎక్స్‌రే గది బయట కూర్చున్నప్పుడు అక్కడి కుర్ర డాక్టరు ఒక కథ చెప్పాడు. 1929లో జర్మనీలో ఎబర్స్‌వాల్డె అనే ఊళ్లో వెర్నర్ ఫోర్స్‌మన్ అని పాతికేళ్ల డాక్టరు ఉండేవాడు. చేతి నరంలోంచి గుండెదాకా గొట్టం పంపొచ్చంటే పైవాళ్లు వద్దన్నారు. ఆయన పైవాళ్లకు చెప్పకుండా తన మోచేతి నరంలోకే 65 సెంటీమీటర్ల గొట్టం తోసుకుని, దాంతోటే మెట్లు దిగి ఎక్స్‌రే గదికి నడిచి, కొస గుండెలో ఉందని ఫొటో తీయించాడు. అప్పుడు చీవాట్లు తిన్నాడు, 1956లో మరిద్దరితో కలిసి నోబెల్ బహుమతి తిన్నాడు అని ఆ అబ్బాయి నవ్వాడు. నా పక్కన ఉన్నవాళ్లూ నవ్వారు. భయం సగం అక్కడే పోయింది.

ఒకటి మాత్రం డాక్టర్ని అడుగు: పిక్ లైనా, కీమోపోర్టా? నా పక్క మంచం రైతుకి పోర్టు పెట్టారు. కాలర్ ఎముక కింద చర్మం లోపల రూపాయి నాణెమంత బిళ్ల. బయటికేమీ వేలాడదు, హాయిగా తలారా స్నానం చేసేవాడు. పెద్దపేగు క్యాన్సరు ఆయనది. పాలసీసాలాంటి పంపు దానికి తగిలిస్తే, చొక్కా కింద సంచిలో పెట్టుకుని ఊరెళ్లిపోయేవాడు. 46 గంటలు మందు దానంతటదే ఎక్కేది. కాకపోతే పోర్టు పెట్టడానికీ తీయడానికీ చిన్న ఆపరేషన్, వాడిన ప్రతిసారీ చర్మం మీంచి ప్రత్యేకమైన సూది గుచ్చాలి. పిక్ లైనుకు కోత లేదు, తీయడం తేలిక, కానీ వారం వారం డ్రెస్సింగు చాకిరీ. ఏదైనా వేయించుకో, ఎందుకు అది అన్నది అడిగి తెలుసుకుని వేయించుకో. మీ ఆఫీసు ఇన్సూరెన్సులో ఏది వస్తుందో అల్లుడిని ముందే కనుక్కోమను.

వేయించుకోవడం ముప్పావుగంట పని. దాంతో కాపురం అయిదారు నెలలు. నాకు వేసింది 2016 మే చివర, రోహిణీ కార్తెలో. చెమటకి డ్రెస్సింగు అంచులు లేచిపోయేవి. లేస్తే వారం ఎప్పుడవుతుందా అని ఆగకూడదు, అదే రోజు మార్పించాలి. స్నానానికి బ్రెడ్డు కవరు రెండు కొసలూ కత్తిరించి చేతికి తొడిగి, పైనా కిందా టేపు చుట్టి, ఆ చెయ్యి గోడకు ఆనించి రెండో చేత్తో చెంబులు పోసుకునేదాన్ని. ఆగస్టులో కృష్ణా పుష్కరాలొచ్చాయి. ఊరు ఊరంతా మునకలేసి వస్తుంటే మీ పెదనాన్న చెంబుతో తెచ్చిన నీళ్లు నెత్తిన చల్లుకుని పుణ్యం సరిపెట్టుకున్నాను. నిండు బిందె ఎత్తకు, గ్యాస్ బండ జరపకు. అలాగని చెయ్యి కట్టుకుని కూర్చోకు. గంటకోసారి పిడికిలి మూసి తెరువు, మోచెయ్యి ఆడించు. కదలని చేతిలో నెత్తురు గడ్డకడుతుంది.

ఇక నేను చేసిన తప్పు. ఈ ఉత్తరం అసలు దానికోసమే రాస్తున్నాను.

విజయవాడ ఆసుపత్రికి వెళ్లిరావడం బరువై, జులైలో ఒక వారం డ్రెస్సింగు, ఫ్లషింగు (గొట్టంలోకి సెలైన్ తోసి కడగడం) మా ఊళ్లోనే ఒక చిన్న ఆసుపత్రిలో చేయించుకున్నాను. సిస్టర్ ఫోన్ మాట్లాడుతూనే గొట్టం మూత తీసి దుప్పటి మీద పెట్టింది, తుడవకుండా అలాగే మళ్లీ బిగించింది. నేను కళ్లారా చూశాను. చూసి నోరు మూసుకున్నాను. పాపం, రాత్రంతా డ్యూటీ చేసి ఉంటుంది, మనం చెబితే ఏమనుకుంటుందో అని. ముప్ఫై రెండేళ్లు ప్రేయరులో వరసగా నిలబెట్టి పిల్లల గోళ్లు చూసిన పంతులమ్మను నేను! తర్వాతి ఫ్లషింగు అయిన గంటకే వణుకు పట్టుకుంది. రెండు రగ్గులు కప్పినా పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. జ్వరం 103. లైనులో క్రిములు చేరాయన్నారు. ఉన్న లైను తీసేశారు, పద్నాలుగు రోజులు యాంటీబయోటిక్ సూదులు, కీమో మూడువారాలు వెనక్కి, మళ్లీ కొత్త లైను. ఆ పిల్ల వల్లే వచ్చిందని నేననను, ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ చెప్పాల్సిన మాట మొహమాటానికి మింగాను కదా, అది నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

రెండో లైను పెట్టాక ఒక వాక్యం బట్టీపట్టాను. "ఏమీ అనుకోకమ్మా, చేతులు కడుక్కుని, మూత దగ్గర స్పిరిట్ దూదితో ఒకసారి గట్టిగా తుడిచి అప్పుడు పెట్టవా?" నవ్వుతూనే అనేదాన్ని. కోప్పడినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకమ్మాయయితే "గుర్తుచేసి మంచిపని చేశారు ఆంటీ" అంది. నువ్వూ అను. తుడుస్తుంటే మనసులో పదిహేను లెక్కపెట్టు, తడి ఆరేదాకా ఆగమను. ఫ్లషింగుకు పది ఎమ్మెల్ సిరంజియే వాడమను. చిన్న సిరంజితో తోస్తే ఒత్తిడి ఎక్కువై గొట్టం చిట్లవచ్చు. సెలైన్ వెళ్లకపోతే బలవంతంగా తోయనివ్వకు. అడ్డుపడిన గడ్డను కరిగించే మందులున్నాయి. ఆ చేతికి బీపీ పట్టా చుట్టబోతే రెండో చెయ్యి చాపు. మూత తీసేముందు క్లిప్పు వేసి ఉందో లేదో చూడు. స్కానుకు రంగుమందు ఎక్కించబోతే "ఈ లైను ఆ ఒత్తిడికి ఆగుతుందా?" అని అడుగు, అన్ని లైన్లూ ఆగవు. బయట ఎన్ని సెంటీమీటర్లుందో మొదటిరోజే కార్డు మీద రాయించుకో. వారంవారం ఆ అంకె చూసుకో. గొట్టం బయటికొచ్చినట్టుంటే నువ్వు లోపలికి నెట్టకు, ఆసుపత్రికి పద.

కొన్నిటికి తెల్లారేదాకా ఆగకూడదు. జ్వరం 100.4 దాటినా, వణుకొచ్చినా, చెయ్యి గానీ మెడ గానీ వాచినా, గొట్టం దగ్గర ఎర్రబడి చీము కనబడినా, ఊపిరాడకపోయినా అర్ధరాత్రయినా సరే బయల్దేరు. గొట్టం తెగితే, తెగినచోటికీ ఒంటికీ మధ్య మడిచి వేళ్లతో నొక్కిపట్టుకుని వెళ్లు. అల్లుడి నిద్ర పాడవుతుందని ఆలోచించావంటే నేనొప్పుకోను.

చూసేవాళ్ల సంగతి. "అదేంటమ్మా చేతికి వేలాడుతోంది?" అని పెళ్లిలో కూడా అడుగుతారు. మొదట్లో నేను కొంగు కప్పుకునేదాన్ని. మా వార్డులో రక్త క్యాన్సరు పిల్లొకతె ఉండేది, డిగ్రీ చదువుతోంది, ఛాతీ మీంచి హిక్‌మన్ లైను రెండు కొసలతో వేలాడుతుండేది. నెల్లాళ్లు అద్దం చూసుకోలేదట. తర్వాత దానికో పూసల సంచీ అల్లుకుంది. ఎవరైనా అడిగితే "చార్జింగు కేబులు" అనేది. నీకు చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే "మందుకండీ" అని మాట మార్చు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు.

దీపావళికి రెండు రోజుల ముందు నా లైను తీశారు. ఊపిరి బిగబట్టమని మెల్లగా లాగారు, మత్తు కూడా ఇవ్వలేదు. జారుతున్నట్టే తెలియలేదు. చూపించమన్నాను. సేమియాకంటే కాస్త లావు, అంతే. దీనికోసమా ఇంత కథ అనిపించింది. మర్నాడో ఆ మర్నాడో కట్టు విప్పాక, రెండు చేతులతో చెంబెత్తి నెత్తిన పోసుకున్న నీళ్లు ఇంకా గుర్తే.

నీకు మెడ వెడల్పుగా నాలుగు కాటన్ కుర్తీలు కొన్నాను. నాకు జాకెట్లు కుట్టిన టైలరే చెయ్యిపక్క కుట్టు విప్పి టిచ్ బటన్లు పెడతానన్నాడు, డ్రెస్సింగుకు మొత్తం విప్పక్కర్లేకుండా. "ఏ చెయ్యండీ?" అని అడిగాడు. అప్పుడు తట్టింది నాకు. నువ్వు ఎడమచేతివాటం. నాకైతే ఎంచుకునే వీల్లేదు, నీకుంది. కుడిచేతి దారి ఎటూ కాస్త దగ్గరంటారు. నీది ఎడమచేతివాటమని ఆ డాక్టరుకు చెప్పావా? చెప్పి ఉండవు, నాకు తెలుసు. రేపు వెళ్లి చెప్పి, ఏ చేతికి వేస్తారో అడిగి నాకు ఫోన్ చెయ్యి. నువ్వు అడిగి చెప్పేదాకా కత్తెర ముట్టుకోవద్దని వాడితో చెప్పి వచ్చాను.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ.